నినాదంలో గౌరి, నివాళిలో అమ్మ

కె.ఆర్. గౌరి 2021 మే 11న చనిపోయింది. అప్పటికి ఆమెకు నూట ఒక్క ఏళ్లు. ఆ వారం వచ్చిన నివాళులు చాలానే చదివాను. పార్టీల తేడా లేకుండా అందరూ ఒక వాక్యం దగ్గర కలుసుకున్నారు: కేరళకు తొలి మహిళా ముఖ్యమంత్రి కావలసిన మనిషి, కాలేకపోయింది.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నా కన్ను ముందుగా క్రియ మీద పడుతుంది. ‘కాలేకపోయింది’ అంటే చేతకాలేదని. ప్రయత్నించింది, శక్తి చాలలేదు, లేదా అదృష్టం కలిసి రాలేదు అని. ఆ క్రియలో అడ్డుపడ్డవాళ్లెవరూ కనబడరు. ‘కానివ్వలేదు’ అని రాస్తే మాత్రం ఎవరు కానివ్వలేదన్న ప్రశ్న వెంటనే వస్తుంది. నివాళి రాసేవాళ్లకు ఆ ప్రశ్న ఇబ్బంది. అందుకే నలభై ఏళ్ల శాసనసభా జీవితాన్ని ఒక నిట్టూర్పుగా కుదించి, పూలు జల్లి, ఇళ్లకు వెళ్లిపోయారు. ఈ వ్యాసం ఆ క్రియతో పేచీ పెట్టుకోవడానికే.

ముందు ఆమె ఏం చేసిందో చెప్పుకోవాలి. ఆమె గురించి మాట్లాడేవాళ్లు తొందరగా దాటేసేది దాన్నే.

గౌరి 1919లో చేర్తల దగ్గర పట్టణక్కాడులో పుట్టింది. ఈళవ కుటుంబం. మన గౌడ, ఈడిగల్లాగా కల్లుగీతతో ముడిపడిన కులం, ఒకప్పుడు అంటరానితనం అనుభవించిన కులం. ఆ కులం నుంచి న్యాయశాస్త్రం చదివిన తొలి మహిళగా ఆమెను చెబుతారు. 1940ల చివర కమ్యూనిస్టు పార్టీలో చేరింది, జైలుకెళ్లింది, పోలీసుల చేతిలో చిత్రహింసలు పడింది. లాఠీలకే గనక కడుపు చేసే శక్తి ఉంటే తాను ఎన్నో లాఠీ పిల్లల్ని కని ఉండేదాన్నన్న అర్థం వచ్చే మాట ఒకటి ఆమె పేరున ప్రచారంలో ఉంది. ఆ మాటను చాలామంది ఆమె నోటి దురుసుతనానికి ఉదాహరణగా చెబుతారు. నేను దాన్ని లాకప్పులో ఆడదాని ఒంటికి ఏం జరుగుతుందో, సిగ్గుపడే బాధ్యత తన మీద వేసుకోకుండా చెప్పిన సాక్ష్యంగా చదువుతాను.

1948లో ఓడిపోయింది. 1952లో, 1954లో తిరువిదాంకూరు-కొచ్చి శాసనసభకు గెలిచింది. 1957లో కేరళ రాష్ట్రపు మొదటి ఎన్నికల్లో చేర్తల నుంచి గెలిచి, ముప్ఫై ఏడేళ్ల వయసులో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి అయింది. పదకొండుమంది మంత్రుల్లో ఆమె ఒక్కతే స్త్రీ. ఎన్నికైన 126 మంది శాసనసభ్యుల్లో స్త్రీలు ఆరుగురు. ఆమెకిచ్చిన శాఖ స్త్రీ శిశు సంక్షేమం కాదు, రెవెన్యూ. అంటే భూమి. ఈ దేశంలో మగవాడి అహంకారమంతా పాతుకుని ఉన్నచోటు.

ఏప్రిల్ 5న మంత్రివర్గం ప్రమాణం చేసింది. వారం తిరగకముందే కౌలుదార్లను భూముల నుంచి వెళ్లగొట్టడాన్ని ఆపుతూ ఆర్డినెన్సు వచ్చింది. ఆ డిసెంబరులో వ్యవసాయ సంబంధాల బిల్లు సభ ముందుకు తెచ్చింది. 1959 జూన్‌లో అది సభలో నెగ్గింది. జూలై 31న కేంద్రం ప్రభుత్వాన్నే రద్దు చేసింది. విద్యా బిల్లు మీద, భూమి బిల్లు మీద కోపంతో సాగిన ఆ ‘విమోచన సమరం’లో వీధుల్లో అరిచిన నినాదాలు వింటే ఆ కోపానికి కులం, లింగం రెండూ ఎలా అంటుకుని ఉన్నాయో తెలుస్తుంది. దళిత మంత్రి చాతన్ మాస్టర్‌ని పొలం దున్నుకోవడానికి పొమ్మన్నారు. గౌరిని కులం పేరు చేర్చి ఎగతాళి చేశారు.

1967లో మళ్లీ మంత్రి అయింది, మళ్లీ భూమి పట్టుకుంది. 1969 అక్టోబరులో సభ ఆమోదించిన భూసంస్కరణల సవరణ చట్టం 1970 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చి కేరళలో జన్మీ వ్యవస్థను చట్టరీత్యా ముగించింది. భూస్వామి స్థలంలో గుడిసె వేసుకుని, అతను పొమ్మన్న రోజున పోవలసిన కుడికిడప్పుకారులకు గుడిసె కింది జాగా మీద హక్కు వచ్చింది. పంచాయతీల్లో పది సెంట్లదాకా, మున్సిపాలిటీల్లో అయిదు, పెద్ద నగరాల్లో మూడు. పది సెంట్లు ఏపాటి అనుకునేవాళ్లు పరాయి జాగాలో ఒక రాత్రి కాపురం చేసి చూడాలి.

ఈ పని తెలిసిన మనిషిని 1987లో ఏం చేశారన్నదే అసలు విషయం.

ఆ ఎన్నికల్లో వామపక్ష కూటమి ప్రచారంలో ఊరూరా ఒక నినాదం మోగింది. కొబ్బరిచెట్ల కేరళను కె.ఆర్. గౌరి ఏలుతుందని దాని భావం. కూటమి గెలిచింది. ఏలడానికి మాత్రం ఇ.కె. నాయనార్‌ను ఎన్నుకున్నారు. గౌరికి పరిశ్రమల శాఖ ఇచ్చారు.

దీనికి సమర్థనలు చాలా ఉన్నాయి. ఒక్కొక్కటే తీసుకుందాం.

మొదటిది: పార్టీ ఆమెను అభ్యర్థిగా అధికారికంగా ప్రకటించనే లేదు. నిజమే. ప్రకటించకుండానే ఓట్లు అడిగిన నినాదాన్ని మోగనిచ్చారు. ఒక స్త్రీ పేరు ఓట్లు తెస్తుందని తెలిసినప్పుడు ఆ నినాదాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. ఓట్లు వచ్చాక అది ఎవరిదీ కాని నినాదం అయిపోయింది.

రెండోది: అనుభవం, వయసు. గౌరికి, నాయనార్‌కి మధ్య వయసులో ఏడాది తేడా కూడా లేదు. నాయనార్ మొదటిసారి శాసనసభలోకి వచ్చింది 1974 ఉప ఎన్నికతో. గౌరి 1952 నుంచి సభ చూస్తోంది. ఆయన 1980-81లో ముఖ్యమంత్రిగా చేశాడు కదా అంటారు. అవును, ఒకసారి ఆయనకు ఇచ్చారు కాబట్టి మళ్లీ ఆయనకే ఇవ్వాలి, ఒకసారీ ఇవ్వలేదు కాబట్టి ఆమెకు ఎప్పటికీ ఇవ్వనక్కర్లేదు. ఉద్యోగాల్లో మన అనుభవమూ ఇదే కదా!

మూడోది: వ్యక్తి ముఖ్యం కాదు, సమష్టి నిర్ణయం ముఖ్యం. నేను ఈ సూత్రాన్ని గౌరవిస్తాను. కాని 1996లో అదే పార్టీ, శాసనసభ్యుడు కూడా కాని నాయనార్‌ని పిలిచి మూడోసారి ముఖ్యమంత్రిని చేసి, ఆ తర్వాత ఉప ఎన్నికలో గెలిపించుకుంది. సమష్టి నిర్ణయానికి వ్యక్తి అవసరమైనప్పుడు దారి దొరుకుతుంది. స్త్రీ ఎదురైనప్పుడే సూత్రం గోడవుతుంది. ఇంకొక సంగతి. కేరళలో సి.పి.ఎం. నుంచి 2006 దాకా ముఖ్యమంత్రులైంది ఇద్దరే, నంబూద్రిపాద్, నాయనార్. ఇద్దరూ పై కులాలవాళ్లే. ఆ తర్వాత ఈళవ కులంలో పుట్టిన అచ్యుతానందన్ అయ్యాడు. కులపు తలుపు ఆలస్యంగానైనా మగవాళ్లకు తెరుచుకుంది. కులమూ లింగమూ రెండూ మోసుకొచ్చిన గౌరికి తెరుచుకోలేదు.

నాలుగోది అసలైన సమర్థన. దాన్ని కాగితం మీద పెట్టరు, చెవిలో చెబుతారు: ఆవిడకు కోపమెక్కువ. మొండిది. పదిమందిని కలుపుకుపోలేదు. భూస్వాముల చేతుల్లోంచి భూమి లాగడానికి ఆ మొండితనమే పనికొచ్చింది. అప్పుడు దాన్ని పట్టుదల అన్నారు. కుర్చీ దగ్గరికి వచ్చేసరికి గుణం మారలేదు, పేరు మారింది. తెలుగులో ఇలాంటి స్త్రీకి ఒక పేరు సిద్ధంగా ఉంది, గయ్యాళి. దానికి పుంలింగం ఉందా? నా నిఘంటువులో నాకు దొరకలేదు. మగవాడికి కోపం వస్తే అది నాయకత్వ లక్షణమవుతుంది, లేదంటే ‘ముక్కుసూటి మనిషి’ అని మెచ్చుకోలవుతుంది.

ఈ చెవిమాట బలం నాకు రాజకీయాల్లో కాదు, స్టాఫ్‌రూములో తెలిసింది. నేను కొంతకాలం పనిచేసిన ఒక కాలేజీలో శాఖాధిపతి పదవి వరసలో ఒక సీనియర్ లెక్చరర్‌కి రావాలి. ఆవిడ అప్పటికి ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతోంది. పరీక్షలు, నాక్ పనులు, ఆడపిల్లల హాస్టల్ తగవులు అన్నీ ఆవిడ నెత్తినే. ‘మేడమ్‌కి కోపమెక్కువండీ’ అన్నాడొకాయన టీ తాగుతూ. ఇంకెవరూ ఏమీ అనలేదు. ఆ ఒక్క మాటతో పదవి పక్కకి జరిగింది. ఎక్కడా ఆర్డరు లేదు, అప్పీలు చేసుకోవడానికి కారణం లేదు. ఆ గదికీ, 1987లో నిర్ణయం జరిగిన గదికీ పరిమాణంలోనే తేడా.

ఇక కథల సంగతి. గౌరి గురించి రాసిన ఏ వ్యాసం తీసుకున్నా మూడో పేరాకల్లా టి.వి. థామస్ వస్తాడు. 1957లో సాటి మంత్రితో పెళ్లి, 1964లో పార్టీ చీలిక, ఆయన సి.పి.ఐ.లో, ఆమె సి.పి.ఎం.లో. 1967లో ఇద్దరూ ఒకే మంత్రివర్గంలో, వేర్వేరు పార్టీల తరపున. ఆసక్తికరమైన జీవితమే, కాదనను. 1990లో వచ్చిన ‘లాల్ సలాం’ సినిమాకి ఈ జీవితాలే ఆధారమంటారు. కాని థామస్ జీవితం రాసేటప్పుడు అతని పెళ్లి ఒక వాక్యం, ఆమె జీవితం రాసేటప్పుడు ఆమె పెళ్లి ఒక అధ్యాయం. భూమి చట్టం చేసిన స్త్రీని విఫల ప్రేమకథ నాయికగా మార్చుకుంటే ఆమె మీద జాలిపడవచ్చు. జాలి పడ్డవాళ్లు జవాబు చెప్పుకోనక్కర్లేదు.

స్త్రీల ఆత్మకథల మీద పరిశోధన చేస్తున్న రోజుల్లో నాకు పెద్దలొకరు ఒక సలహా ఇచ్చారు. రాజకీయ నాయకురాళ్ల ఆత్మకథలు సాహిత్యం కిందికి రావమ్మా, వాటిని పొలిటికల్ సైన్సు వాళ్లకి వదిలెయ్ అని. పొలిటికల్ సైన్సు మిత్రుల్ని అడిగితే అవి ‘వ్యక్తిగతం’ కాబట్టి సాహిత్యం వాళ్లవి అన్నారు. గౌరి ఆత్మకథ 2010లో వచ్చింది, కేరళ సాహిత్య అకాడమీ బహుమతి కూడా పొందింది. కన్నీళ్లు ఉంటే ఆత్మకథ, చట్టాలు ఉంటే రికార్డు అన్న ఈ పంపకం ఎవరు చేశారు? అధికారం కోరుకోవడం కూడా స్త్రీ అనుభవమే. దాన్ని మన పాఠ్యప్రణాళికల్లోకి ఎందుకు రానివ్వం? బాధను రాసిన స్త్రీకి చోటిచ్చినంత సులువుగా పదవి కావాలని రాసిన స్త్రీకి మనమూ చోటివ్వం. ఆమె అత్యాశాపరురాలని మనలోనూ ఒక గొంతు అంటుంది. ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో మనకు తెలుసు.

పేరు దగ్గరికి వస్తాను. ‘అమ్మ’ అక్కడ స్త్రీల పేర్ల చివర మామూలుగా చేరే మాటే. గౌరి తల్లి పేరు పార్వతి అమ్మ. దాన్ని కుట్ర అనడం నా ఉద్దేశం కాదు. అయినా 1987 నినాదంలో ఆమె ‘అమ్మ’ కాదు, కె.ఆర్. గౌరి. ఓటు అడిగేటప్పుడు ఇంటిపేరు పొడి అక్షరాలతో, మగ నాయకుడి పేరులాగే నిలబడింది. నివాళుల్లో అమ్మే మిగిలింది, విప్లవ మాత, కేరళ తల్లి. తల్లికి దండం పెడతారు గానీ కుర్చీ ఇవ్వరు. జయలలిత అమ్మ, మాయావతి బెహన్‌జీ, మమత దీదీ. మన దగ్గర సబితా ఇంద్రారెడ్డి 2009లో రాష్ట్ర హోంమంత్రి అయినప్పుడు కూడా ఆమె ‘చేవెళ్ల చెల్లెమ్మ’గానే పత్రికల్లోకెక్కింది. ఎన్.టి. రామారావుని అన్న అనలేదా అని అడుగుతారు. అన్నారు. అన్న అనగానే రాష్ట్రమంతా ఆయనకు తమ్ముళ్లయిపోయింది. చెల్లెమ్మ అనగానే ఆమె ఒక అన్న చేతికింద చేరింది. వరస ఒకటే, పెత్తనం మాత్రం తలకిందులు.

గౌరిని దేవతను చెయ్యమని నేను అడగడం లేదు. 1994 జనవరి 1న పార్టీ ఆమెను బహిష్కరించాక ఆమె జె.ఎస్.ఎస్. పెట్టుకుని కాంగ్రెస్ కూటమిలోకి వెళ్లింది. 2001 నుంచి 2006 దాకా ఆంటోనీ, ఊమెన్ చాందీ మంత్రివర్గాల్లో వ్యవసాయ మంత్రిగా చేసింది. జీవితాంతం ఎవరితో పోరాడిందో వాళ్ల పక్కన కూర్చుంది. దాన్ని విమర్శించవచ్చు, విమర్శించాలి. అయితే కూటములు మార్చిన మగవాళ్ల జాబితా కేరళలోనే కాదు, మన తెలుగునాట కూడా చాంతాడంత ఉంటుంది. వాళ్లను చాణక్యులంటాం, ఆమెను ద్రోహి అంటాం.

ఆమె చేసిన భూచట్టాన్ని కూడా స్త్రీవాద దృష్టితో నిలదియ్యాలి. ఆ చట్టానికి ప్రమాణం కుటుంబం. భర్త, భార్య, పెళ్లికాని మైనరు పిల్లలు కలిస్తే ఒక యూనిట్, ఒక పరిమితి. పెళ్లికాని మేజరుకి విడిగా లెక్క ఉంది, పెళ్లయిన స్త్రీకి విడిగా లెక్క లేదు. కుటుంబం పేరున వచ్చిన భూమి ఎవరి పేరున పట్టా అవుతుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. తోటలకు మినహాయింపు దొరికింది. పొలంలో పనిచేసే దళితులకు గుడిసె జాగాయే తప్ప పొలం రాలేదు. ఇవన్నీ నిజాలే. 1990ల ద్వితీయార్ధంలో ఆదివాసుల భూములు తిరిగి ఇప్పించే 1975 చట్టాన్ని నీరుగార్చే బిల్లు వచ్చినప్పుడు, అధికార ప్రతిపక్షాలు చేతులు కలిపిన సభలో వద్దన్న ఒకే ఒక్క గొంతు ఆమెదన్నదీ నిజమే. అప్పటికి ఆమెకు డెబ్బై అయిదు దాటాయి.

‘ఆమె స్త్రీవాది కాదు కదా’ అని మన సెమినార్లలో ఒక అభ్యంతరం వస్తుంది. ఆమె ఆ మాట వాడుకుందా లేదా అన్నదానికన్నా, 1987-91 మధ్య మంత్రిగా ఆమె ముందుకు నడిపిన బిల్లు నుంచే కేరళ మహిళా కమిషన్ పుట్టిందన్నది నాకు ముఖ్యం. 1996లో సుగతకుమారి అధ్యక్షతన కమిషన్ ఏర్పడేసరికి గౌరి ఆ పార్టీలోనే లేదు. విత్తనం వేసినవాళ్లను పంట నాటికి పొలం నుంచి పంపేయడం మనకు కొత్త కాదు. తెలంగాణ సాయుధ పోరాటం ముగిశాక ఇక ఇళ్లకు వెళ్లండన్న మాట విన్న స్త్రీల గొంతులు 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఉన్నాయి. అదే ఉద్యమం, అవే దశాబ్దాలు. వాళ్లను వంటింటికి పంపారు, గౌరిని మంత్రివర్గం దాకా రానిచ్చి ఆఖరి మెట్టు దగ్గర ఆపారు. తేడా మెట్ల సంఖ్యలోనే.

ఈ ఆఖరి మెట్టు ఎక్కడుంది? ఓటరు దగ్గర లేదు. గౌరి పదిహేడుసార్లు పోటీ చేసి పదమూడుసార్లు గెలిచింది. జనం ఆమెను కాదనలేదు. మెట్టు పార్టీ కమిటీ గదిలో ఉంది. 1964లో ఏర్పడిన సి.పి.ఎం. పొలిట్‌బ్యూరోలోకి మొదటి స్త్రీ, బృందా కారత్, వచ్చింది 2005లో. నలభై ఒక్క ఏళ్లు! మిగతా పార్టీలకు ఇది చూసి నవ్వుకునే అర్హత లేదు. వాటిలో చాలావాటికి కమిటీలే లేవు, కుటుంబాలున్నాయి. 2023లో చట్టసభల్లో మూడోవంతు సీట్ల రాజ్యాంగ సవరణ ఆమోదించినప్పుడు దాన్ని జనగణనకు, నియోజకవర్గాల పునర్విభజనకు ముడిపెట్టారు. అది పూర్తిగా అమలైనా సీట్లకే వర్తిస్తుంది. నాయకుణ్ణి ఎన్నుకునే గదికి ఏ రిజర్వేషనూ లేదు.

ఇదంతా పాత సంగతి అనేవాళ్లకు 2021 మే నెలనే గుర్తు చేస్తాను. గౌరి చనిపోయిన వారానికి, మే 18న, కొత్త మంత్రుల జాబితా వచ్చింది. నిపా, కోవిడ్ రోజుల్లో ఆరోగ్యమంత్రిగా పేరు తెచ్చుకుని, మట్టన్నూరులో 60,963 ఓట్ల ఆధిక్యంతో గెలిచిన కె.కె. శైలజ అందులో లేదు. కొత్తవాళ్లకు అవకాశం, పాతవాళ్లందరినీ మార్చాం అన్నారు. పార్టీ మంత్రుల్లో అందరినీ మార్చారు, ముఖ్యమంత్రిని తప్ప. ఆ మంత్రివర్గంలో ముగ్గురు స్త్రీలున్నారన్నదీ నేను దాచను. కాని లెక్కకు స్త్రీలుండటం వేరు, రేపు ముఖ్యమంత్రి కాగలదని జనం అనుకుంటున్న స్త్రీ ఉండటం వేరు. మొదటిది అలంకారం, రెండోది పోటీ. పార్టీలు మొదటిదాన్ని ఫొటోలో ముందు వరసలో నిలబెడతాయి. రెండోదాన్ని ‘నీ సేవలు పార్టీకి అవసరం’ అని పంపేస్తాయి. 2024లో శైలజను వడకర లోక్‌సభ స్థానానికి నిలబెట్టారు. ఓడిపోయింది.

గౌరి అంత్యక్రియలు ఆలప్పుళలో వలియ చుడుకాడులో, అమరులైన కమ్యూనిస్టుల పక్కన జరిగాయి. గౌరవంగా జరిగాయి. బతికున్న ఆడదానితో అధికారం పంచుకోవడం కన్నా చనిపోయినదానికి చోటివ్వడం సులువు.

అందుకని మనం, అంటే రాసేవాళ్లం, పాఠాలు చెప్పేవాళ్లం చెయ్యగలిగిన పని ఒకటుంది. పత్రాలు వెతకడం. ఆ గదుల్లో ఎవరు ఏం మాట్లాడారో, ఎవరు మౌనంగా ఉన్నారో అడగడం. అక్కడిదే కాదు, ఇక్కడిది కూడా. 1956 నుంచి ఇప్పటిదాకా ఉమ్మడి రాష్ట్రంలోగాని, రెండు తెలుగు రాష్ట్రాల్లోగాని ఒక్క స్త్రీ ముఖ్యమంత్రి లేదు. అర్హులు లేకనా, పేరు ప్రతిపాదనదాకా రాకుండానే ఏ టీ కప్పు దగ్గరో రాలిపోయినవాళ్లు ఉన్నారా? మన జిల్లా పరిషత్తుల్లో, శాసనసభల్లో, సంఘాల్లో పనిచేసి వయసుమళ్లిన స్త్రీలు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గరికి టేప్‌రికార్డర్ పట్టుకు వెళ్లినప్పుడు పెళ్లి గురించి తర్వాత అడుగుదాం. ముందు మీరు ఏ పదవి కోరుకున్నారు, ఎవరు వద్దన్నారు, ఏ మాట చెప్పి వద్దన్నారు అని అడుగుదాం. వాళ్లు ‘రాలేదమ్మా’ అంటారు, అలవాటుగా. మనం ‘ఇవ్వలేదు’ అని రాసుకుందాం, ఎవరు ఇవ్వలేదో పేరుతో సహా.